సగం దాకా వచ్చే నీలం

17 అక్టోబరు 2007, బుధవారం. కర్నూలు

నా ప్రాజెక్టు మళ్ళీ ఆగిపోయింది. మా మండలం పటం తెర మీద తెరుచుకుంటుంది, నీళ్ళున్న బావులు ఒక్కొక్కటే నీలంగా మారతాయి... సగం దాకా వచ్చి నీలం నిలిచిపోతుంది. మౌస్ కదలదు. పడమటి బావులన్నీ తెల్లగా — మా కోసిగి కూడా.

ప్రాజెక్టు మేడం పరీక్షగా చూశారు. "ఆలోచన బాగుంది. కానీ నడవాలి కదా. సెలవులయ్యాక మంగళవారం చూపించు. అప్పుడూ ఆగిపోతే వచ్చే ఏడాదే."

మా ఇంట్లో నా చదువుకి ఇంకో ఏడాది లేదు.

18, గురువారం

నా ల్యాప్‌టాప్‌కు మెమరీ చాలకే ఆగుతోంది. కొత్త మెమరీ కొన్నాను. వేలెడంత ఆకుపచ్చ పలక. అడుగంచున బంగారు రంగు పళ్ళు.

కొట్టాయన — "బిగించి ఇయ్యాల్నామ్మా?"

"వద్దన్నా, నేనే పెట్టుకుంటా."

"పళ్ళు మాత్రం తాకొద్దు. అంచులు పట్టుకో, పసిబిడ్డను పట్టుకున్నట్ల."

నాయన బెంగళూరులో గోడలు కట్టిన చోట ఇంజనీరు ఇచ్చేసిన ల్యాప్‌టాప్ ఇది. దీని మూత విప్పడం నా చేతుల మీదే జరగాలని ఉంది.

19, శుక్రవారం. కోసిగి

ఎమ్మిగనూరు దాటాక బస్సులో నిద్ర. కలలో నేను పటం మీద నడుస్తున్నాను, ఉత్త కాళ్ళతో. అడుగు వేసిన చోటల్లా బావి నీలంగా నిండుతోంది. ఎవరూ తోడుకోవడం లేదు, అందరూ బావుల ఒరల మీద కూర్చుని చూస్తున్నారు...

అమ్మ పలకను వెలుతురుకు పట్టి చూసింది. "ఇది ఏం చేస్తాది పాపా?"

"కళ్ళం చిన్నదైతే శనక్కాయ అంతా ఒకేసారి పరచలేం కదమ్మా. ఇది కళ్ళాన్ని పెద్దది చేస్తుంది."

పలకను తిరిగి నా చేతిలో పెట్టింది. "అట్లయితే ఇది నీ పనిముట్టు."

అవునన్నాను. రేపు పగటి వెలుతురులో బిగించాలి.

20, శనివారం

నవమి, ఆయుధ పూజ. బోరింగు నుంచి నీళ్ళు తెచ్చేసరికి గోడ వారగా నాయన పార, గడ్డపార, కొడవళ్ళు, తాపీ. వాటి చివర నా ల్యాప్‌టాప్, దాని మీద మెమరీ. అన్నిటికీ పసుపు, కుంకుమ.

ల్యాప్‌టాప్‌కు మూత మీద. మెమరీకి — పళ్ళ మీద. తడి పసుపు, పళ్ళ పొడుగునా.

అమ్మ — "ఆ పక్క బంగారం మాదిరి ఉండాది కదా... ఆడ్నే పెట్టినా."

హారతి అయ్యేదాకా పూజలో వస్తువు కదిలించకూడదు. కూర్చున్నాను. కర్పూరం వెలుగులో ఆ పళ్ళు ఎంత అందంగా ఉన్నాయో. పసుపు నెమ్మదిగా ఎండుతోంది.

మధ్యాహ్నం తుడిచి బిగించాను. తెర నలుపు. లోపల నుంచి బీప్ బీప్ అని అరుపు. తీసేస్తే పాత మెమరీతో మామూలుగా తెరుచుకుంటుంది, సగం నీలంతో.

నాయన — "నా పార ఏమీ అనుకోలేదే. నీ పనిముట్టుకు శానా సుకుమారం గదమ్మా."

అమ్మ నవ్వలేదు.

21, ఆదివారం

రబ్బరుతో రుద్దాను, పెన్సిల్ గీతలు చెరిపినంత మెత్తగా. పళ్ళ సందుల్లోంచి పసుపు పొడి రాలింది. పొడిగుడ్డతో తుడిచి బిగించాను.

తెరుచుకుంది. నీలం కదిలింది. సగం దాటింది... పడమటికి వచ్చింది... మా వీధి బావి. నేను అడిగి అడిగి నీటి లోతు రాసుకున్న బావి. నీలం.

అమ్మను పిలిచాను. పిండి చేతులతో వచ్చింది. వచ్చేసరికి తెర నల్లబడింది.

"నా పసుపేనా పాపా?"

"కాదమ్మా. మిషను పాతది కదా."

నన్ను కాదు, తన వేళ్ళను చూసుకుంది.

సాయంత్రం దాకా రుద్దాను. ఒకసారి వస్తుంది. ఒకసారి రాదు.

22, సోమవారం

ఉదయం బస్సు. మా ఇంట్లోంచి ఏది బయలుదేరినా అమ్మ బొట్టు పెడుతుంది — విత్తనాల సంచికి, బెంగళూరు పోయే నాయనకు, నాకు. కుంకుమ వేలు ఈ రోజు నా నుదుటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మల్ల నీకేమన్నా అయితాదేమో."

వేళాకోళం కాదు. నిజంగానే భయం.

ఆ వేలు పట్టుకుని నేనే నుదుటికి ఆనించుకున్నాను. వేలు చల్లగా ఉంది. ఎమ్మిగనూరు దాకా గాలికి మొహం ఇవ్వకుండా తల వంచుకునే కూర్చున్నాను, కుంకుమ రాలకుండా.

23, మంగళవారం

ల్యాబ్‌లో మూల బల్ల. మళ్ళీ తుడిచి బిగించాను. ఇప్పుడే మీట నొక్కాను. అరుపు రాలేదు. తెర ఇంకా నల్లగానే... మేడం కుర్చీ జరిపిన చప్పుడు, ఇటే వస్తున్నారు —