ర్యాంపుకు అడ్డంగా కట్టిన గోడ

శంషాబాద్,
ఆదివారం.

చెల్లె భాగ్యలక్ష్మికి అన్న అరవింద్ దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఆదిలాబాద్ హాస్టల్లో నువ్వూ, నీ వార్డెన్‌గిరీ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది ఎనిమిది రోజులైంది. ఫోను ఎత్తవు గానీ నాలుగు పేజీలు రాస్తావు, ఆ మొండితనం బాపుది. అమ్మకు బీపీ తగ్గింది, నోరు తగ్గలేదు. నీ మొగుడు మల్లేశ్వర్ ఇంకా కాటేదాన్‌లో ఆ లేత్ మిషన్ల షెడ్డే నడుపుతున్నాడు. నువ్వు అడిగావని విడాకుల కాగితాల మీద ఎప్పుడో సంతకం పెట్టేశాడు. గురువారం నువ్వూ పెడతానన్నావు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మా యూనివర్సిటీ దవాఖాన నూరేళ్ల సంచికలో నా వ్యాసం బాగుందన్నావు. బాగుండక ఏం చేస్తుంది? రెండడుగుల మందం సున్నపు గోడలు, వార్డుల మీద ఎండ పడకుండా చుట్టూ వరండాలు, గాలి కోసం వదిలిన నడవాలు, పైన గుమ్మటం, అన్నీ కలిపి పదిహేను పేజీలు. వైస్ చాన్సలర్ శాలువా కప్పారు. "గింత రాసినవు, బాపు ముప్పై ఏండ్లు స్ట్రెచర్ తోసిన ర్యాంపు ముచ్చట ఒక్కటి లేదేందే అన్నా?" అని అడిగావు. చదివినవాళ్లలో ఆ మాట అడిగింది నువ్వొక్కదానివే.

నిజానికి ఆ భవనంలో అన్నిటికన్నా తెలివైన పని ఆ ర్యాంపే. లిఫ్టులు లేని కాలంలో కట్టారు. రెండు స్ట్రెచర్లు ఎదురుపడినా ఆగక్కర్లేనంత వెడల్పు, తోసేవాడికి ఆయాసం రానంత వాలు. కింద క్యాజువాలిటీ నుంచి రెండో అంతస్తులో ఉన్న గుండె వార్డుకు బాపు నాలుగు నిమిషాల్లో చేర్చేవాడు.

దవాఖాన భవనాల అధికారిగా దాన్ని మూయించింది నేను. రెండేళ్ల కింద తనిఖీ బృందం వస్తోందని రికార్డు గది కావాలన్నారు. నాలుగు లిఫ్టులుండగా ఇదెందుకని మొదటి మలుపు దాటగానే ఇటుక గోడ కట్టించి, నా పేరుతో నల్లరాతి పలక పెట్టించాను. కింద నుంచి చూస్తే గోడ కనిపించదు. అప్పటికే రిటైరైన బాపుకు చెప్పలేదు, ఏడుస్తాడని.

ఇక చెప్పక తప్పదు భాగ్యా. బాపుకు గుండెనొప్పి వచ్చిన పొద్దున, షెడ్డు మూసి రావడానికి మల్లేశ్వర్ గంట ఆలస్యం చేశాడని నీకు చెప్పింది నేను. అది అబద్ధం. తిరుగుతున్న మిషన్లు తిరుగుతుండగానే వదిలి పరుగెత్తాడు. నలభై నిమిషాల్లో బాపును దవాఖానలో దించాడు. క్యాజువాలిటీ చీటీ ఇందులో పెడుతున్నాను, టైము చూసుకో.

అప్పటికి మూడు లిఫ్టులు చెడిపోయి ఉన్నాయి, నాలుగోది మధ్యలో ఇరుక్కుంది. బాపే చెయ్యెత్తి, "లిఫ్టు కోసం సూడొద్దు అల్లుడా, ర్యాంపు మీదికెళ్లి తీస్కపో" అన్నాడట. వెనక నుంచి నర్సులు వద్దని అరుస్తున్నా, ముప్పై ఏళ్లు అక్కడ పనిచేసిన మనిషి మాటే నమ్మి మల్లేశ్వర్ స్ట్రెచర్ తోశాడు. మలుపు తిరిగారు. గోడ.

వెనక్కి తిప్పుతుంటే బాపు ఆ పలక చూశాడట. కూడబలుక్కుంటూ చదివాడట. "మా అరవింద్ పేరే. రాతి మీద చెక్కిండ్రు, సూడు అల్లుడా" అని నవ్వాడట. తిరిగి కిందికి దించి, మెట్ల మీద మోసుకెళ్లేసరికి ప్రాణం పోయింది.

మల్లేశ్వర్ ఇదంతా నాకు చెప్పి నా చేతులు పట్టుకున్నాడు. "భాగ్యకు చెప్పకు బావా. మామ పోయిండు, ఇగ అన్న గూడ లేకుంటె ఆమె ఆగమైతది" అన్నాడు.

పదకొండో రోజు బంతిలో కూర్చున్న ఆ మనిషినే నీ కళ్లముందు విస్తరి దగ్గర నుంచి లేపాను. "మా బాపును సంపినోనికి గీడ బువ్వ లేదు" అన్నాను. అతడు నా ముఖం ఒకసారి చూసి, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ వారమే నువ్వు ఆదిలాబాద్ బస్సెక్కావు. నాకు సిగ్గు వేసింది. దానికన్నా ఎక్కువగా, బతికిపోయాననిపించింది.

సంతకం పెట్టకు. రేపు పోస్టులో వేస్తే ఇది గురువారానికి అందవచ్చు, అందకపోవచ్చు. ఇప్పుడు బస్సెక్కితే రేపు పొద్దున నీ హాస్టల్ గేటు దగ్గరుంటాను. అది నాకూ తెలుసు. నీ ఎదుట నిలబడలేను. పోస్టులోనే వేస్తున్నాను.

ఇట్లు,
నువ్వు ఇంకా ఒప్పుకుంటే,
నీ అన్న
అరవింద్