నిన్నటి అంకెలు

మార్చి 9. అక్కా, ఓడలో నేను క్షేమం. పొద్దున్నే ఒక వింత చూశాను. ఖాళీ చమురు ట్యాంకులోకి మనుషులు దిగేముందు నేను లోపలి గాలి కొలిచి రాయాల్సిన అంకెలు, కొలవకముందే కాగితం మీద ఉన్నాయి!

“నిన్నటివేలే. సంతకం పెట్టు, చాదస్తం వద్దు” అన్నారు ఆఫీసరు.

“కొలిచే పెడతానండీ” అన్నాను.

గొట్టం లోపలికి దించగానే, ప్రాణవాయువు చాలదని మీటరు కూసింది. పుస్తకంలో వందసార్లు చదివిన ఆ మాట బరువు ఇవాళే తెలిసింది. ముందుగా దిగబోతూ నిచ్చెన మీద పెట్టిన కాలు, మా కళాసీల పెద్ద సరంగు వెనక్కి తీసుకున్నాడు.

ఇది అమ్మకు చెప్పకు. ఆమె మోకాలి నొప్పి తగ్గిందా? నా నిఘంటువు, ఉన్ని మేజోళ్లు పంపు. బావకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

ట్యాంకులోకి ఫ్యాన్లు గాలి కొడుతున్నాయి. “ఒరేయ్ అబ్బాయ్, నువ్వు కొలిస్తేనే దిగుతా” అని సరంగు భీష్మించాడు. రేపు పొద్దున ఆరింటికి మళ్లీ కొలుస్తాను.

నీ తమ్ముడు