దొరగారి ఎడమ కన్ను

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. బావ పక్కనుంటే ఇంకా మంచిది, తిట్లు సగం ఆయనకి పడతాయి.

మన దొరగారి ఎడమ కన్ను తీయించేశాను. "ఏం చేసినా సరే, వాడి కన్ను మాత్రం పోనివ్వకు" అని నా చేత ఒట్టు వేయించుకుని మరీ నీ గుర్రాన్ని అప్పగించి వెళ్లావు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను.

సరదాకి చేశానా చెప్పు? వానలకి శాల వెనక నిలిచిన నీళ్లు తాగాడు చూడు, వాటిలో ఎలుకల ఉచ్చ కలిసి లెప్టోస్పైరోసిస్ వచ్చిందట. జ్వరం ఎప్పుడో తగ్గింది గానీ, ఆ క్రిములు కంట్లో చేరి కాపురం పెట్టాయంది డాక్టరమ్మ. మందు వేస్తే తగ్గడం, నెల తిరక్కుండా మళ్లీ వాచడం. వాచిన ప్రతిసారీ కాస్త చూపు తినేసి పోయేది. చివరికి చూపంతా పోయి నొప్పి మిగిలింది. రెప్ప బిగించి, నీళ్లు కారుతూ, మేత ముట్టకుండా గోడకి తల ఆనించి నిలబడేవాడు. నా వల్ల కాలేదక్కా.

ఇప్పుడు చూడాలి వాడి జోరు! కుట్లు విప్పిన రోజే డాక్టరమ్మ టోపీ నమిలేశాడు. చిక్కల్లా మాకే. ఎడమవైపు నుంచే వెళ్లాలి, ఎడమవైపు నుంచే ఎక్కాలి అని స్వారీ నేర్చుకునే పిల్లలకి ఇన్నేళ్లూ నూరిపోశానా, మొన్న నేనే అలవాటుకొద్దీ అటునుంచి జీను వెయ్యబోయాను. ఉలిక్కిపడి నన్ను గడ్డికుప్పలో పడేశాడు. "టీచర్, కుడివైపు!" అని పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇప్పుడు అందరం ముందు పేరు పెట్టి పిలిచి, కుడివైపు నుంచే దర్శనం చేసుకుంటున్నాం.

తిట్టు, పడతాను. మాట్లాడటం మాత్రం మానెయ్యకు.

నీ మొండి చెల్లి

*

ఒసే మొండిదానా,

తిడదామనే కలం తీశాను. రెండు పేజీలు తిట్టి చింపేశాను.

నిజం చెప్పనా? పోయిన నెల నీకు తెలీకుండా డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "తీసేయడమే మేలు. మీ చెల్లెలు మీ ఒట్టుకి జంకుతోంది, మీరొక్క మాటంటే చాలు" అంది. ఆ ఒక్క మాట నా నోట రాలేదే. వాడు నా వైపు తిరిగి చూసే చూపు గుర్తొచ్చి, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని జరుపుకుంటూ వచ్చాను. నేను జరిపిన ప్రతిరోజూ వాడు నొప్పితో నిలబడ్డాడు. నేను చెయ్యాల్సిన పని నువ్వు చేశావు. నీకు దణ్ణం పెట్టాలి, చిన్నదానివైపోయావు.

నీ ఉత్తరం పట్టుకుని నేను ఏడుస్తుంటే మీ బావ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది, గుర్రం పోయిందా?" అన్నారు.

"లేదండీ, నొప్పి పోయింది" అన్నాను.

నీ పిరికి అక్క