కిటికీ పక్క కుర్చీ

అక్కా,

మనసులు తేలికపడాలని ఆఫీసువాళ్లు రోజూ మధ్యాహ్నం మమ్మల్ని పార్కుకి పంపుతున్నారంటే మురిసిపోయావు. మా మేనేజరు ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. అందుకే చెట్ల కింద ధ్యానమంటూ అందరూ కళ్లు మూసుకున్నా, నేను ఒక కన్ను తెరిచే ఉంచుతాను. ఆయన మాత్రం పార్కుకి రాడు. మేం తిరిగొచ్చేసరికి నా కుర్చీ ఎత్తు మారి ఉంటోంది. అందులో ఇంకెవరినో కూర్చోబెట్టి చూస్తూ నా ఉద్యోగానికే ఎసరు పెడుతున్నాడనుకున్నాను.

నిన్న తలనొప్పి వంకతో ముందే వచ్చేశాను. ఆయన నా కుర్చీలో బూట్లు విప్పుకుని, కిటికీ బార్లా తెరిచి, బయటి చెట్టుని చూస్తూ కూర్చున్నాడు.

"పార్కులో మీరంతా ఉంటారు కదమ్మా" అని నసిగాడు.

జాలిపడకు అక్కా. ఉక్కపోస్తోందని ఎన్నిసార్లు మొత్తుకున్నా, ఆ కిటికీ బిగుసుకుపోయింది, తెరుచుకోదని మాతో చెప్పింది ఆయనే.

నీ చెల్లి