అవిసె చెక్క తిన్న మగచేపలు

హుజూరాబాద్, 22-7-84

అన్నా, నీకూ వదినకూ నమస్కారం. నా పని పోలేదు, ఫికరు పడకండి.

మొన్న రెండోసారి కూడా మా చేపపిల్లల కేంద్రంలో గుడ్లన్నీ తెల్లబడి చచ్చాయి. మగచేపల పాలు, అదే వాటి వీర్యం, నీళ్లలా ఉన్నాయి. బలం రావాలని వాటికి నాలుగు నెలలు నూనె తీసిన పాత పల్లి చెక్క దండిగా పెట్టించింది నేనే. చేపలు పట్టే గట్టయ్య, “పెండ్లికొడుకులకు ఉత్త బొజ్జలే పెంచినవ్ గదనే!” అని నవ్వాడు. యజమాని జైపాల్‌రావు గారు నవ్వలేదు. “గీసారి గూడ పిల్ల లేవకపోతె నువ్వు ఇంటికే పో” అన్నారు.

మేత రాసుకునే పుస్తకం తిరగేశాను. చిన్న కుంటలోని మగచేపలకు మాత్రం, పల్లి చెక్క చాలక, నువ్వు మాఘంలో పంపిన మన గానుగ అవిసె చెక్కను తవుడులో కలిపి పెట్టాను. వాటి పొట్ట నొక్కితే చిక్కటి పాలు వచ్చాయి. నిన్న వాటికే సూదిమందు వేసి ఆడచేపలతో వదిలాం. ఈ పొద్దున గుడ్లు గాజుపూసల్లా ఉన్నాయి, లోపల పిల్లలు మెదులుతున్నాయి. జైపాల్‌రావు గారు వంగి చాలాసేపు చూసి, “ఇగ అన్నిటికీ గదే పెట్టు” అన్నారు.

నెలకో బస్తా చెక్క, ఆడించిన రోజే నిర్మల్ నుంచి ఇటు వచ్చే బస్సుకు వెయ్యి. ముక్కిన వాసన ఉంటే వద్దు. వదిన మోకాలు ఎలా ఉంది? బర్రె ఈనిందా?

ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉంచుకున్న నీ మరదలినీ పిల్లనూ దసరాకు వచ్చి తీసుకుపోతాను. ఇక్కడ గది మాట్లాడాను. పిల్లకు దీవెనలు.

నీ తమ్ముడు
పోశం