జలుబు మాత్ర ఇంకోటి మింగొద్దు

నాయనా, ఆటో నడిపే చిక్కన్న మామ ఫోను ఎత్తడం లేదు. ఆటో కోసం నేనే వెళ్తున్నాను. పొద్దున్నుంచి నొప్పితో మెలికలు తిరిగి ఇప్పుడే కునుకు పట్టిందని నిన్ను లేపలేదు. ఈరోజు సోలారు ప్యానెళ్ళు కడగడానికి వెళ్ళొద్దు. పావగడ ఆసుపత్రికి పోవాలి.

అంగడిలో తెచ్చుకున్న జలుబు మాత్ర ఇంకోటి మింగొద్దు. నిన్న అవి వేసుకున్నాకే మూత్రం బొత్తిగా నిలిచిపోయింది. నర్సమ్మకు ఫోను చేశాను. "ప్రోస్టేట్ గ్రంథి పెరిగుంటాది. వయసైన మగోళ్ళకు మామూలేమ్మా. ఆ మాత్రతో దారి బిగుసుకునుంటాది, ఇప్పుడే పిల్చుకురా" అంది. ట్యూబు వేసి మూత్రం తీస్తారట. అందాకా చెంబులకొద్దీ నీళ్ళు తాగి చూడొద్దు.

"పైపు కారి తడిసినాను లేమ్మా" అని నెలరోజులుగా చెబుతున్నావు. నీతోపాటు కడిగే నాగేశన్న పొడిబట్టలతోనే ఇంటికొస్తాడు. మూత్రం చుక్కలు కనబడకూడదని నీ మీద నువ్వే నీళ్ళు పోసుకుంటున్నావని బట్టలుతికే నాకు తెలియదా? ఆ తడికే జలుబు చేసింది. నువ్వు సిగ్గుపడతావని నోరు మూసుకున్నాను, తప్పు చేశాను. డాక్టరుకు నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను.

సింధు

తలగడ దగ్గర పొడి పంచె పెట్టాను. సంచిలో ఇంకో రెండున్నాయి. తడిస్తే తడవనీ నాయనా.