జబ్బుకు టైమ్‌టేబుల్

సోమవారం, ఉదయం 7:00
కొత్త నోట్‌బుక్! నీలం పెన్ను, ఎర్ర పెన్ను, స్కేలు!! పద్దెనిమిదేళ్ళుగా బస్సు డిపోలో టైమ్‌టేబుళ్ళు వేస్తున్నవాణ్ణి. నూట నలభై బస్సులు నా మాట వింటాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒక లెక్కా?

డాక్టరమ్మ ఏమంది? "నరాల పైపొర దెబ్బతింటుందండీ. దాడి వస్తుంది, తగ్గుతుంది. ఒక్కోసారి కొంత మిగిలిపోతుంది. కొందరికి ఏళ్ళు గడిచాక మెల్లమెల్లగా పెరుగుతుంది. మీకెలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేం."

చెప్పలేరట! నేను చెబుతా.

పాప సైకిలు నేర్చుకుంటోంది. సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేది నేనే. "నాకు వచ్చేదాకా పరిగెడతావు కదా నాన్నా?" అంది నిన్న. నాకు తెలియాల్సింది అదొక్కటే.

నిర్ణయం: రోజూ ఏం జరిగితే అది, జరిగిన టైముకి రాయాలి. అంతే.

మంగళవారం
7:10 ఎడమ అరికాలు తిమ్మిరి. 11:40 తగ్గింది. భలే!

బుధవారం
7:25 తిమ్మిరి. పదిహేను నిమిషాలు లేటు! ఎర్ర పెన్నుతో గీత.

గురువారం
8:00 స్నానం చేసి వచ్చేసరికి కళ్ళు మసక. డాక్టరమ్మకి ఫోన్.
"వేడినీళ్ళు పోసుకున్నారా?"
"పొగలు కక్కేవి."
"ఒళ్ళు చల్లబడితే అదే సర్దుకుంటుందండీ. కొత్త దాడి కాదు. ఒక రోజు దాటినా తగ్గకపోతే చేయండి."
8:40 సర్దుకుంది. బాత్‌రూమ్ తలుపుకి నోటీసు అంటించాను: 'ఈ ఉదయం దాడి రద్దు'. మా ఆవిడ చింపేసింది.

శుక్రవారం
రాయలేదు. నోట్‌బుక్ ఆఫీసులో మర్చిపోయా. ఇది జబ్బు లక్షణమా, బద్ధకమా?

శనివారం
రోజూ రాయడానికి తీరిక ఎక్కడ? వచ్చే వారమంతా ఇవాళే వేసేశా. డిపోలో అంతేగా, ముందు కాగితం, తర్వాత బస్సు. రేపు సాయంత్రం 5:30, ఎడమ కాలు బరువు.

ఆదివారం
5:20 ఇంటి ముందు కుర్చీలో సిద్ధం.
"నాన్నా, రావా?" పాప సైకిలు పట్టుకుని నిలబడింది.
"పది నిమిషాల్లో నా కాలు బరువెక్కుతుందమ్మా."
5:30 రాలేదు. 5:38 ఇంకా రాలేదు! ఇదేం సర్వీసు?
మా ఆవిడ నోట్‌బుక్ లాక్కుని చూసింది. "జబ్బు కోసం బస్టాపులో కూర్చున్నట్టు కూర్చున్నారేంటండీ! కాలు బాగానే ఉందిగా, లేవండి!"
ఒళ్ళు మండింది. నిజం కాబట్టి ఇంకా మండింది.
5:41 పరిగెత్తా.
5:46 వీధి చివర కాలు బరువెక్కింది. సీటు వదిలేశా. పాప వెళుతూనే ఉంది, పడలేదు!
"నాన్నా, పట్టుకున్నావా?"
"పట్టుకున్నా!" అని అరిచా, రోడ్డు పక్కన కూలబడి. ఏడుపొచ్చింది. ఎందుకో రెండు కారణాలు రాయొచ్చు, రాయను.

సోమవారం, ఉదయం 7:00
ఇంకో కొత్త నోట్‌బుక్! ముందే రాయడం ఉండదు. జరిగిందే రాస్తా. ఒట్టు.
7:05 కాలు ఇంకా బరువే. సాయంత్రం 5:46కి ఒక రోజు నిండుతుంది, అప్పటికీ తగ్గకపోతే డాక్టరమ్మకి ఫోన్.
7:10 "నాన్నా, ఇవాళ వస్తావా?"
"తెలీదమ్మా."
"సరే. కుర్చీ నేను వేస్తాలే. చూస్తూ కూర్చో."
సాయంత్రం 5:30 పాప సైకిలు తొక్కింది, నేను చూశా.
అయ్యో, ముందే రాసేశా!